ఇది ఎన్ని హెచ్‌పీ?

శాంతిపురం మండలంలో ఒక ఊరు. పేరు చెప్పను, చెప్పినా కథకు ఒరిగేదేమీ లేదు. నీళ్ళున్న బోరొకటి, ఎండిపోయిన బోర్లు నాలుగు, మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు, చింతచెట్టు కింద తుప్పు పట్టిన మోటరు. ఇవన్నీ ఉన్న ఇల్లు అక్కడ ఏ ఊళ్ళో వెతికినా దొరుకుతుంది. అలాంటి ఇంట్లో ఒక అవ్వ, ఆమె మనవరాలు.

మనవరాలు కుప్పంలో ఇంజనీరింగ్ చదువుతోంది. ఆ పిల్లకొక పిచ్చి. కంప్యూటరులో ఇంకో లోకం ఉంటుంది కదా, అందులో తిరగడం, అందులోకి వస్తువులు చేసి అమ్మడం. ఆ లోకం పేరు సెకండ్ లైఫ్. అమెరికాలో లిండెన్ ల్యాబ్ అనే సంస్థ 2003లో మొదలుపెట్టింది. అందులోని మిద్దెలు, చెట్లు, చీరలు, చివరికి తల వెంట్రుకలు కూడా ఎక్కువ భాగం అక్కడ తిరిగే జనం సొంతంగా చేసుకున్నవే. డబ్బు కూడా వేరే ఉంది, లిండెన్ డాలరు. సుమారు 250 లిండెన్ డాలర్లయితే ఒక అమెరికా డాలరు. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు నేర్చుకుని, కాలేజీ నుంచి వచ్చాక ఈ పిల్ల ముగ్గులు, ఇత్తడి చెంబులు, అరటి పిలకలు కట్టిన పందిళ్ళు చేసి అక్కడ పెట్టేది.

"కంప్యూటర్లో పందిరి ఎవురికే? ఆడ పెండ్లిండ్లు అవుతాయా?" అని అవ్వ అడిగింది.

అవుతాయి. ఎక్కడో కాదు, కుప్పానికి ఆనుకుని ఉన్న కృష్ణగిరి జిల్లాలోనే అయింది. 2022 ఫిబ్రవరి 6న శివలింగపురం అనే పల్లెలో పెళ్ళి చేసుకున్న జంట, రిసెప్షన్ మాత్రం మెటావర్సులో, అంటే ఇలాంటి కంప్యూటరు లోకంలోనే, పెట్టుకుంది. హ్యారీ పోటర్ కథల్లోని కోటలాంటి మందిరం కట్టించారు. చుట్టాలు ఎవరి ఇళ్ళలో వాళ్ళు కూర్చుని ఫోన్లలోంచి, ల్యాప్‌టాపుల్లోంచి వచ్చారు. పెళ్ళికూతురి తండ్రి అంతకు ముందే కాలం చేస్తే, ఆయన రూపాన్ని కూడా తయారు చేయించి దీవెన ఇప్పించారు.

ఈ చివరి సంగతి విన్నాక అవ్వ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "యాడ, చూపీ నీ లోకాన్ని" అని వచ్చి కూర్చుంది.

చూపిస్తే ఏముంది? మనవరాలిది ఎవరో వాడి అమ్మేసిన ల్యాప్‌టాపు. 4 జీబీ ర్యామ్, ప్రాసెసరులోనే ఇమిడిపోయిన చిన్న గ్రాఫిక్స్. లోకం తెరుచుకుంది గానీ గోడలన్నీ బూడిద రంగులోనే ఉన్నాయి, రంగులు దిగడం లేదు. మనుషులు ఉండాల్సిన చోట మనుషుల్లేరు, ముద్దలు ముద్దలుగా పొగ ఉంది. ఆ ప్రోగ్రాము తీరే అంత. మనిషి రూపం పూర్తిగా దిగేదాకా మబ్బు తునకలా చూపిస్తుంది.

"ఇదేం లోకమే, మూడొంతులు మబ్బు, ఒక వంతు సిమెంటు."

"లోకం బాగానే ఉండాది అవ్వా. ఈ డబ్బా తోడలేకుండా ఉండాది."

తోడడం అన్న మాట నోట్లోంచి ఊరికే రాలేదు, ఆ ఇంట్లో పుట్టిన పిల్ల కాబట్టి వచ్చింది. ఆ మాట అవ్వ చెవిన పడింది కూడా.

అదే వారంలో ఒక బేరం తగిలింది. ఆ లోకంలోనే ఒక జంట, నలభై మంది అతిథులు, తెలుగు పందిరి కావాలి, వేడుక జరుగుతున్నంతసేపూ పందిరి చేసిన మనిషి అక్కడే ఉండి చూసుకోవాలి. ఆ డబ్బాతో అయ్యే పని కాదు. రెండు పంటల పట్టుగూళ్ళు అమ్మిన డబ్బు అవ్వ దగ్గర ఉంది. బెంగళూరులో సాఫ్టువేరు ఉద్యోగం చేసే మేనత్త కొడుకు ఫోనులో వచ్చాడు.

"మంచి గేమింగ్ ల్యాప్‌టాపు చూసినా పాపా. పవర్‌ఫుల్లు. కండ్లు మూసుకుని కొనేయొచ్చు."

అవ్వ ఫోను లాక్కుంది. "ఎన్ని హెచ్‌పీ నాయినా?"

అవతల బావ పడిపడి నవ్వాడు. "హెచ్‌పీ కాదవ్వా, వేరే కంపెనీ."

నవ్వులాటగా తీసుకున్నాడు గానీ ఆ ప్రాంతంలో ఈ రెండు హెచ్‌పీల గందరగోళం ఇరవై ఏళ్ళ నాటిది. 2002లో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే మూడేళ్ళ కార్యక్రమం పెట్టింది. ఊళ్ళలో కంప్యూటరు కేంద్రాలు వచ్చాయి, వాటి మీద హెచ్‌పీ అన్న అక్షరాలు వచ్చాయి. హెచ్‌పీ అంటే హార్స్ పవర్ అని మాత్రమే తెలిసిన రైతులకు ఆ బోర్డులు చూసి మోటర్ల కంపెనీ వచ్చిందనిపిస్తే తప్పు పట్టడానికి లేదు. ఆ కార్యక్రమంలోనే కొందరు పల్లె మహిళలకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, వాటిని నడపడానికి సౌర ఫలకం ఇచ్చి ఫోటోగ్రాఫర్లను చేశారు. తీసిన ఫోటో అక్కడికక్కడే అచ్చయి చేతికొచ్చేది. అది చాలా మంచి ఆలోచన అని నాకిప్పటికీ అనిపిస్తుంది. పెద్ద పెద్ద కేంద్రాల కంటే ఆ చేతిసంచిలోని ప్రింటరే జనానికి దగ్గరైంది.

అవ్వ ఇంట్లో గోడకు అలాంటి ఫోటో ఒకటి ఉంది. అందులో తాత కొత్త మోటరు పక్కన మీసం దువ్వుకుని నిలబడి ఉంటాడు. ఒక హెచ్‌పీ తీసిన ఫోటోలో ఇంకో హెచ్‌పీ. మోటరు పన్నెండున్నర హెచ్‌పీది.

దాని కథ అవ్వ చెప్పింది.

ఆ ఏడు కరువు. ఎనిమిది వందల యాభై అడుగులు బోరు వేస్తే ఒకటిన్నర ఇంచు నీళ్ళు పడినాయి. బోరు మేస్త్రి ఐదుకో ఏడున్నరకో చాలు అన్నాడు. తాతకు అది నామోషీ అనిపించింది. పక్క పొలం మనిషి పది పెట్టాడు కదా. "పవరుంటే నీళ్ళు వాటంతట అవే వస్తాయి" అని పన్నెండున్నర తెచ్చి దించాడు. స్టార్టరు నొక్కితే పైపు నిండా నీళ్ళు దూకినాయి. ఊరంతా వచ్చి చూసింది. ఫోటో తీసింది ఆ పొద్దే.

"పది నిమిషాలు" అనింది అవ్వ. "సరిగ్గా పది నిమిషాలు. ఆమైన పైపులో గాలి."

భూమి ఇచ్చే నీళ్ళు ఒకటిన్నర ఇంచు. మోటరు లాగేది దానికి మూడింతలు. గొట్టంలో నిలవున్న నీళ్ళన్నీ పది నిమిషాల్లో లాగేసి, ఆ తర్వాత ఉత్తగాలిలో తిరిగింది. సబ్‌మెర్సిబుల్ మోటరుకు తన చుట్టూ పారే నీళ్ళే చల్లదనం. నీళ్ళు లేకపోతే దాని వేడి దాన్నే కాల్చుకుంటుంది. వైండింగు కాలింది. రీవైండింగు చేయించి దించారు. మళ్ళీ కాలింది. మూడోసారి మేస్త్రి రానన్నాడు. "నీళ్ళు బోరువి పెద్దాయనా, మోటరువి కాదు" అని చెప్పి పోయాడు. తాత ఆ మాటకు అలిగి వారం రోజులు అతనితో మాట్లాడలేదు, ఆ తర్వాత ఐదు హెచ్‌పీది తెచ్చుకున్నాడు. పాతది చింతచెట్టు కిందికి చేరింది.

కథ అయిపోయాక అవ్వ, "బెంగళూరికి నేనూ వస్తా" అనింది.

కుప్పంలో రైలెక్కితే బెంగళూరు ఎంతో దూరం కాదు. మెజెస్టిక్ దగ్గర దిగి, ఆటోలో ఎస్పీ రోడ్డు. ఆ రోడ్డు చూడనివాళ్ళకు చెప్పలేను, చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. వైర్లు, స్క్రూలు, ఫ్యాన్లు, కంప్యూటరు గుండెకాయలు అన్నీ గుట్టలు పోసి అమ్ముతారు. బావ ముందే మాట్లాడి పెట్టిన కొట్టుకు తీసుకెళ్ళాడు. బల్ల మీద రెండు ల్యాప్‌టాపులు. ఒకటి సన్నగా, వెండి రంగులో, చూస్తే చేతిలోకి తీసుకోవాలనిపించేది. రెండోది నల్లగా, మందంగా, ఇటుకలాంటి ఛార్జరుతో ఉంది. రెండింటి మీదా గ్రాఫిక్స్ చిప్పు పేరు చెప్పే స్టిక్కరు ఒకటే, ఆర్‌టీఎక్స్ 4060. రెండింట్లోనూ 16 జీబీ ర్యామ్. సన్నదాని ధర నాలుగు వేలు ఎక్కువ.

"చిప్పు ఒకటే. అట్లాంటప్పుడు ఈ బండరాయి ఎందుకు మోసేది?" అన్నాడు బావ. అతని లెక్క ప్రకారం అది న్యాయమే.

కొట్టు కుర్రాడు తెలుగులోకి దిగాడు. "రెండూ సూపర్ అమ్మా. ఏదైనా తీసుకోండి."

"నీళ్ళు తోడి చూపీ నాయినా" అనింది అవ్వ.

కుర్రాడు బావ మొహం చూశాడు. మనవరాలికి మాత్రం అర్థమైంది. సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసింది. సెకండ్ లైఫ్ ప్రోగ్రాము అందులోనే ఉంది. డెమోకు వైఫై ఇవ్వబోమని కుర్రాడు అంటే తన ఫోను హాట్‌స్పాట్ వేసింది. రెండింట్లోనూ ఎక్కించి, రద్దీగా ఉండే ఒకే సంతలోకి, రెండింట్లోనూ ఒకే సెట్టింగులతో దిగింది. కంట్రోల్, షిఫ్ట్, 1 కలిపి నొక్కితే పక్కన ఒక పట్టీ తెరుచుకుంటుంది. సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తోందో అందులో పడుతూ ఉంటుంది. సన్నది 61 అంది. మందంది 57.

"చూడు, చెప్పినా కదా" అన్నాడు బావ.

అవ్వ స్టూలు లాక్కుని కూర్చుంది. సంచిలోంచి జామకాయ తీసి కొరుక్కుంటూ, "పది నిమిషాలు కానీ" అనింది.

ఆ పది నిమిషాలు ఆ కొట్లో ఎవరికీ గడవలేదు. ఎనిమిదో నిమిషానికి సన్నదాని ఫ్యాను ఈల వేయడం మొదలుపెట్టింది. చేత్తో తాకితే కీబోర్డు పైభాగం అన్నం గిన్నె మూతలా ఉంది. 61 కాస్తా 48 అయింది. 40. పన్నెండో నిమిషానికి 33. సంతలో నడుస్తున్న జనం అడుగడుగుకీ తడబడుతున్నారు. మందంది 55 దగ్గర గిత్తలా నిలబడి ఉంది. దాని ఫ్యాను కూడా మోగింది గానీ వెనక నుంచి వేడిగాలి ధారగా బయటికి పోతోంది.

"దీనికి ఊపిరాడతా ఉండాది" అని అవ్వ మందందాన్ని చూపించింది. "దానికి ఆడలేదు. అది మీ తాత మోటరు."

మందందే కొన్నారు.

కథ ఇక్కడితో ఆపితే అవ్వ గెలిచినట్టు, బావ ఓడినట్టు ఉంటుంది. కానీ ఇంటికొచ్చి పెట్టె విప్పి, లోకంలో దిగితే సెకనుకు పదకొండు బొమ్మలు. పదకొండే! పాత డబ్బాకీ దీనికీ తేడా, మబ్బులు కాస్త తొందరగా విడిపోతున్నాయి, అంతే. బావకు ఫోను చేస్తే, "నేను చెప్పినా వినలేదు. రిటర్ను చేసేయ్" అన్నాడు. ఆ గొంతులో కొంచెం సంతోషం కూడా ఉండి ఉంటుంది, మనుషులం కదా.

మనవరాలు ఏడుపు మొహంతో కూర్చుంది. అవ్వకు ల్యాప్‌టాపు సంగతి ఏం తెలుసు? మోటరు సంగతి తెలుసు. నీళ్ళు రాకపోతే మేస్త్రి మొదట బోరులోకి తొంగి చూడడు. పైనుంచి వస్తాడు. ఫ్యూజు, స్టార్టరు, కేబులు, ఆ తర్వాతే మోటరు, అన్నిటికన్నా చివర బోరు.

"ఫ్యూజు కాడ్నించి చూసుకుంటా రా పాపా."

ఫ్యూజు దగ్గరే దొరికింది మొదటి తప్పు. ఆ రాత్రి కరెంటు పోయి, ఇన్వర్టరు మీద లైట్లు, ఫ్యాన్లు మాత్రమే నడుస్తున్నాయి. ల్యాప్‌టాపు బ్యాటరీ మీద ఉంది. ఇలాంటి యంత్రాలకు గ్రాఫిక్స్ చిప్పు పూర్తిగా పనిచేయాలంటే కావాల్సిన కరెంటు బ్యాటరీ ఇవ్వలేదు, గోడ ప్లగ్గే ఇవ్వాలి. ఆ ఇటుకలాంటి ఛార్జరు అందుకే. తెల్లారి కరెంటు వచ్చాక 24కు లేచింది. ఇంకా సగం కూడా కాదు.

రెండో తప్పు స్టార్టరు దగ్గర. ఈ ల్యాప్‌టాపుల్లో గ్రాఫిక్స్ రెండుంటాయి. ప్రాసెసరులో ఇమిడిన చిన్నది ఒకటి, విడిగా కూర్చున్న పెద్దది ఒకటి. కరెంటు ఆదా కోసం ఏ ప్రోగ్రాము దేనిమీద నడవాలో విండోసే నిర్ణయిస్తుంది, ఒక్కోసారి తప్పుగా. కొట్లో చూసింది డెమో పీసు, అందులో ఎవరో ముందే సర్ది పెట్టారు. ఇంటికొచ్చింది సీలు విప్పని పెట్టె. సెట్టింగుల్లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ అని వరసగా లోపలికి పోయి, ఈ ప్రోగ్రామును పెద్ద చిప్పు మీదే నడపమని చెప్పింది. 54.

"వచ్చినాయి నీళ్ళు" అనింది అవ్వ, తెర వైపు కూడా చూడకుండా. మనవరాలి మొహం చూసి చెప్పింది.

ఇంక వేడి. మంచం మీద దుప్పటిలో పెడితే అరగంటకే ఈల. ఇంట్లో చల్లటి చోటు ఒక్కటే ఉంది, పురుగుల షెడ్డు. ఎదిగిన పురుగులకు 25 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి కాబట్టి షెడ్డుకు తడి గోనెలు కట్టి, కిటికీలకు వల వేసి, మనుషులకు లేని మర్యాదలన్నీ చేస్తారు. పిల్ల ల్యాప్‌టాపు పట్టుకుని అటు నడిస్తే అవ్వ చీపురు ఎత్తింది. పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. పట్టు పెంచేవాళ్ళు పురుగు పొర విడిచే నిద్రను జ్వరమే అంటారు, ఆ సమయంలో చప్పుడు కూడా చేయనివ్వరు. పైగా పురుగులకు నచ్చే తేమ యంత్రానికి చేటు. చివరికి షెడ్డు కాదు గానీ షెడ్డులోని వస్తువు పనికొచ్చింది. పురుగులు గూడు కట్టుకోవడానికి మడతలు మడతలుగా ఉండే ప్లాస్టిక్ నేత్రికలు వాడతారు. పాతది ఒకటి కడిగి బల్ల మీద పరిచి, దానిమీద ల్యాప్‌టాపు పెట్టింది. అడుగున గాలి ఆడింది. ఈల ఆగింది.

వేడుక రోజు పందిరి కింద నలభై మంది. ఒక్కొక్కరి నగలు, జుట్టు, పట్టు అంచుల బరువు మామూలుది కాదు, అదంతా అక్కడి జనం ఇష్టమొచ్చినట్టు చేసుకున్నది, తూకం వేసి చేసింది కాదు. 54 కాస్తా 19కి జారింది. మనవరాలు ఈసారి కంగారు పడలేదు. చూపు దూరాన్ని 256 మీటర్ల నుంచి 64కు కుదించింది. దూరం నాలుగో వంతైతే గీయాల్సిన నేల పదహారో వంతవుతుంది. మరీ బరువైన వేషాలను పూర్తిగా గీయొద్దని హద్దు పెట్టింది. హద్దు దాటినవాళ్ళు ఒకే రంగు పూసిన బొమ్మలుగా మారిపోయారు. పందిరి, పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు నిండుగా, తేటగా ఉన్నారు.

"ఎవురే ఆ ఆకుపచ్చ బొమ్మలు?"

"దూరం చుట్టాలు అవ్వా."

"ఓ" అనింది అవ్వ. "మన ఇంట్లో పెండ్లికీ అంతే కదా."

నీతి: బోరును బట్టి మోటరు కొనాలి, బోరును నోటిమాటతో కాక నీళ్ళు తోడి కొలవాలి.

నీతి కథ రాసేవాళ్ళకు ఇక్కడ కలం మూసే హక్కు ఉంది. కానీ ఈ నీతిని అపార్థం చేసుకోవడం తేలిక. పెద్దది కొనొద్దని, చౌకదే మేలని, మందంగా ఉంటే మంచిదని ఇది చెప్పడం లేదు. శక్తి ఎంత అన్న ప్రశ్న ఒంటరిగా నిలబడదని మాత్రమే చెబుతోంది. ఆ ప్రశ్న పక్కన ఏ లోకానికి, ఏ గదిలో, ఎంతసేపు అన్న మూడూ కూర్చోవాలి.

స్టిక్కరు అబద్ధం చెప్పదు, నిజం దాస్తుంది. ల్యాప్‌టాపుల్లో వచ్చే ఆర్‌టీఎక్స్ 4060 చిప్పుకు దాన్ని చేసే ఎన్‌విడియా సంస్థ పెట్టిన హద్దులు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా. అంటే ఒకే పేరుతో ఒక యంత్రం మూడింతల మేత తినొచ్చు, ఇంకోటి అర్ధాకలితో ఉండొచ్చు. సన్నటి ఒంట్లో వేడి పోవడానికి చోటుండదు కాబట్టి తయారీదారు మేత తగ్గిస్తాడు. అందులో మోసమేమీ లేదు, కానీ ఆ వాట్ల సంఖ్య కొట్టులో పెద్ద అక్షరాల్లో కనిపించదు. వివరాల పట్టికలో కిందికెక్కడికో పోతే ఉంటుంది, కొన్నిసార్లు అక్కడా ఉండదు. అడిగి తెలుసుకోవాలి. చెప్పలేకపోతే అవ్వలాగా స్టూలు వేసుకోవాలి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది తర్వాత మార్చలేని దాన్ని. ర్యామ్ తక్కువైతే మందం యంత్రాలు చాలావాటిలో ఇంకో పలక గుచ్చుకోవచ్చు. 16 జీబీని ఒకే పలకగా ఇచ్చి రెండో గాడి ఖాళీగా వదిలేసిన ల్యాప్‌టాపులు ఎన్నో ఉన్నాయి, అక్కడ రెండోది పెడితే వేగం కూడా పెరుగుతుంది. ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు. గ్రాఫిక్స్ చిప్పు, దాని సొంత జ్ఞాపకం మాత్రం బోర్డుకు అతికి వస్తాయి. ల్యాప్‌టాపుల్లో వచ్చే ఆర్‌టీఎక్స్ 4050లో ఆ జ్ఞాపకం 6 జీబీ, 4060లో 8 జీబీ. కొన్న రోజు ఎంతో పారేసే రోజూ అంతే. గోడల రంగులు, చీరల నేత అన్నీ నిలవుండేది అందులోనే. అది నిండితే ఎంత వేగమైన చిప్పైనా తడబడుతుంది. సన్నటి కేసింగు దింపిన బోరులాంటిది, లోపలికి దిగాక వెడల్పు చేయలేం. సెకండ్ లైఫ్ లాంటి చోట ఇంకో చిక్కు ఉంది. జనం చేసిన వస్తువులు పొందిక లేకుండా పోగుపడతాయి కాబట్టి గ్రాఫిక్స్ చిప్పు ఖాళీగా ఉన్నా ప్రాసెసరులో ఒక్క కోరు ఉక్కిరిబిక్కిరవుతుంది. అందుకే అక్కడ కోర్లు ఎన్ని అన్నదానికంటే ఒక్కో కోరు ఎంత చురుకు అన్నది ముఖ్యం.

ల్యాప్‌టాపుకు సంబంధం లేని ఆలస్యం ఒకటుంది, దానికి డబ్బు తగలేయొద్దు. సెకండ్ లైఫ్ సర్వర్లు అమెరికాలో, అమెజాన్ యంత్రాల మీద నడుస్తాయి. అమెరికా పడమటి తీరం మన రాయలసీమకు దాదాపు 13 వేల కిలోమీటర్లు. గాజు తీగలో వెలుగు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. తిన్నగా తీగ లాగినా రానూపోనూ 130 మిల్లీసెకన్లు, తీగ తిన్నగా ఉండదు కాబట్టి ఇంకా ఎక్కువే. మీట నొక్కాక అడుగు పడడానికి పట్టే ఆ రెప్పపాటును ఏ గ్రాఫిక్స్ కార్డూ తగ్గించలేదు. శ్రీశైలం జలాశయంలో తోడిన కృష్ణ నీళ్ళు హంద్రీ-నీవా కాలువలో వందల కిలోమీటర్లు నడిచి 2025లో కుప్పం చేరాయి. చివరి చేను దగ్గర ఎంత పెద్ద మోటరు పెట్టుకున్నా కాలువ ముందుగా రాదు కదా.

ఈ నీతికి ఒక బొక్క కూడా ఉంది, దాచను. కుప్పం వైపు బోర్లు ఏటికేడు లోతుకు పోవడం చూసినవాళ్ళకు తెలుసు, నేటి లోతుకు సరిగ్గా సరిపోయే మోటరు రేపటికి చాలదు. ఆ లోకాలూ అంతే. సెకండ్ లైఫ్‌లో 2011లో మెష్ అనే కొత్త పద్ధతి వచ్చి పాత కంప్యూటర్లను మూల కూర్చోబెట్టింది. ఆ తర్వాత లోహం లోహంలా, పట్టు పట్టులా వెలుగును తిప్పికొట్టే కొత్త పూతలు వచ్చి ఇంకా బరువెక్కింది. కాబట్టి మేస్త్రి ఏడున్నర చాలంటే ఏడున్నరే కొనాలా, పదికి పోవాలా? నేనైతే ఒక మెట్టు పైకి పోతాను. గాడిలో చోటు, గ్రాఫిక్స్ జ్ఞాపకంలో చోటు ఉన్నదానివైపు పోతాను. తెర మెరుపుకు, కీబోర్డు కింద వెలిగే ఏడు రంగులకు మాత్రం ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వను. ఇందులో తాత పోలిక కొంచెం ఉందని తెలుసు. పూర్తిగా అవ్వలా బతకడం ఎవరి తరం?

కథలో ఒక ముక్క మిగిలిపోయింది. పందిరి పని అయ్యాక మనవరాలు చింతచెట్టు కింది మోటరుకు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి, తుప్పుతో సహా దాన్ని ఆ లోకంలో తయారు చేసి అమ్మకానికి పెట్టింది. ధర 250 లిండెన్ డాలర్లు. కొనడానికి వచ్చిన ఒకామె, ఇది తిరుగుతుందా, ఊరికే బొమ్మేనా అని అడిగింది.

మల్బరీ ఆకు తరుగుతున్న అవ్వకు మనవరాలు ఆ ప్రశ్న చదివి వినిపించింది.

"తిరుగుతుందని చెప్పు" అనింది అవ్వ. "పది నిమిషాలు."